మెడ రక్తనాళం మందం, మతిమరుపు: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురంలోనో విశాఖలోనో మెడకు డాప్లర్ (రక్తం పారే తీరు చూసే అల్ట్రాసౌండ్ స్కాన్) తీయించుకుని వస్తారు. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. అందులో "ఇంటిమా మీడియా థిక్‌నెస్ (ఐఎంటీ) పెరిగింది" అని ఒక ముక్క. ఇంటికొచ్చాక పిల్లలు ఫోన్‌లో వెతికితే "డిమెన్షియా", అంటే మతి తగ్గిపోయే జబ్బు, అన్న మాట కనబడుతుంది. ఇంక ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఛత్రపురం వైపు తెలుగు ఇళ్ళలో ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని అడిగే ప్రశ్నలు ఇవి. మందులు మొదలుపెట్టడం, మానడం మాత్రం మీ డాక్టరుతో మాట్లాడాకే.

రిపోర్టులో "ఐఎంటీ పెరిగింది" అని ఉంది. మెడ నరం మూసుకుపోయినట్టేనా?

కాదు. మందం వేరు, మూసుకుపోవడం వేరు. సగం భయం ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే.

గొంతుకు అటూ ఇటూ వేలు పెడితే టకటకా కొట్టుకునేవి కెరోటిడ్ ధమనులు. వాడుకలో నరం అంటాం గానీ ఇవి రక్తనాళాలే. కంఠమణి దగ్గర ఒక్కొక్కటీ రెండుగా చీలుతుంది. ఒక కొమ్మ ముఖానికి, ఇంకొకటి మెదడుకు రక్తం తీసుకెళ్తాయి. ధమని గోడకు మూడు పొరలుంటాయి. లోపలి రెండు పొరల మందాన్ని కలిపి అల్ట్రాసౌండ్‌తో కొలిస్తే వచ్చేదే ఐఎంటీ. ఈ కొలత ఎలా తీయాలో 1986లో ఇటలీ పరిశోధకులు చూపించారు. అప్పటి నుంచి ప్రపంచమంతా వాడుతున్నారు.

మూసుకుపోవడం గురించి రిపోర్టులో వేరే చోట రాస్తారు. "స్టెనోసిస్" అని, పక్కన శాతం ఉంటుంది. రక్తం ఎంత వేగంగా పోతోందో "పీఎస్‌వీ" అనే అంకె చెబుతుంది. సన్నబడిన చోట రక్తం వేగం పెరుగుతుంది కాబట్టి ఆ అంకెతో అంచనా కడతారు. మెదడుకు వెళ్ళే కొమ్మలో ఆ వేగం సెకనుకు 125 సెంటీమీటర్ల లోపు ఉంటే సన్నబడటం సాధారణంగా 50 శాతం లోపే. 230 దాటితే 70 శాతం లేదా అంతకు మించి అని అనుమానిస్తారు. మీ రిపోర్టులో ఐఎంటీ కాస్త ఎక్కువుండి, వేగం మామూలుగా ఉంటే ఆ ధమని గుండా మెదడుకు రక్తం బాగానే అందుతోందని అర్థం.

ఎంత ఉంటే ఎక్కువ?

వయసును బట్టి మారుతుంది. నలభైల్లో సుమారు 0.6 మిల్లీమీటర్లు, డెబ్భైల్లో 0.8 ఆపైన ఉండటం వింత కాదు. యూరప్ బీపీ మార్గదర్శకాలు 0.9 దాటితే రక్తనాళాల మీద బీపీ ప్రభావం పడిందని లెక్కలోకి తీసుకున్నాయి. గోడ మందం 1.5 దాటినా, ఒకచోట మాత్రం గోడ లోపలికి ఉబ్బినా దాన్ని "ప్లాక్" అంటారు. కొవ్వు, సున్నం పేరుకున్న గడ్డ అది. మామూలు మందం కన్నా ప్లాక్ ఉందన్న మాటకే ఎక్కువ బరువివ్వాలి.

నిరుటి రిపోర్టులో 0.82, ఈసారి 0.86, "పెరిగిపోతోంది" అని కంగారు పడేవాళ్ళున్నారు. ఏడాదికి నిజంగా పెరిగేది సుమారు మిల్లీమీటరులో వందో వంతు. మెషిన్ మారినా, చెయ్యి మారినా, కొలిచిన చోటు రవ్వంత అటూ ఇటూ అయినా అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది. ఆ 0.04 కోసం ఏటా డబ్బు పోసి స్కాన్ తీయించడం నా దృష్టిలో దండగ.

మెడలో గోడ మందమెక్కితే తలలో జ్ఞాపకం ఎందుకు తగ్గాలి?

అసలు ప్రశ్న ఇదే. దీనికి జవాబు ఒకటి కాదు.

మొదటిది: రెండింటికీ కారణాలు ఒకటే. బీపీ, సుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగాకు, వయసు. ఇవి మెడలోని పెద్ద నాళం గోడను పాడుచేస్తాయి, మెదడు లోపల వెంట్రుక కన్నా సన్నగా ఉండే నాళాలనూ పాడుచేస్తాయి. మెదడు లోపలివి మామూలు అల్ట్రాసౌండ్‌కు కనబడవు. మెడలోది చర్మం కిందే ఉంటుంది కాబట్టి సులువుగా చూడగలం. కనుక మెడలో మందం కనబడితే లోపల కూడా ఏదో జరుగుతోందని అనుమానించాలి. చాలామంది విషయంలో మందం మతిమరుపును తెచ్చేది కాదు, దాని పక్కన నడిచేది.

రెండోది: నాళం బిరుసెక్కడం. వయసులో ఉన్నప్పుడు ధమని రబ్బరు గొట్టంలా సాగి, గుండె కొట్టే ప్రతి దెబ్బనూ తనలోనే కొంత ఇముడ్చుకుంటుంది. మందమెక్కి బిరుసైతే సాగదు. ఆ దెబ్బ నేరుగా మెదడులోని సున్నితమైన సన్న నాళాలకు తగులుతుంది. ఏళ్ళ తరబడి తగిలితే ఎంఆర్ఐలో తెల్లని మచ్చలు కనబడతాయి. కొన్నిసార్లు మనిషికి తెలియకుండానే చిన్న చిన్న స్ట్రోకులు వచ్చిపోతాయి.

మూడోది: ప్లాక్ మీద నుంచి సూక్ష్మమైన ముక్కలు ఊడి మెదడులోకి పోవడం, లేదా నాళం బాగా సన్నబడి రక్తం చాలకపోవడం. ఇది మందం దశ దాటి, గట్టి స్టెనోసిస్ ఉన్నవాళ్ళ సంగతి.

అమెరికాలో నాలుగు వేలకు పైగా పెద్దవాళ్ళను పరిశీలించి 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఎడమ మెడ ధమని 75 శాతం పైన సన్నబడినవాళ్ళలో, స్ట్రోకు వచ్చిన చరిత్ర లేకపోయినా, మతి పరీక్షలో మార్కులు తక్కువగా వచ్చాయి, ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా తగ్గాయి. కుడివైపు పరిస్థితిని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఎడమవైపు సంబంధం నిలిచింది. చాలామందిలో భాష ఎడమ మెదడు పని, ఆ పరీక్ష కూడా ఎక్కువగా మాటల మీదే నడుస్తుంది. కారణాలు రెండువైపులా ఒకటే అయినప్పుడు ఒక్క ఎడమవైపే తేడా రావడం బట్టి, తీవ్రంగా సన్నబడితే మెదడుకు సొంతంగానూ నష్టం ఉండొచ్చని ఊహించారు. గోడ మందం విషయంలోనూ నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్, అమెరికాలోని బాల్టిమోర్ అధ్యయనాల్లో మందం ఎక్కువున్నవాళ్ళకు డిమెన్షియా గానీ, జ్ఞాపకం వేగంగా తగ్గడం గానీ ఎక్కువగా కనబడ్డాయి. అయితే ఇవన్నీ గుంపుల మీద లెక్కలు. మీ అమ్మగారి మెడలో 1.0 ఉంది కాబట్టి ఆవిడకు మతి పోతుందని వీటిలో ఏదీ చెప్పదు.

మందం తగ్గితే మతిమరుపు ఆగుతుందా? దానికి మందు ఉందా?

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు, బీపీ మాత్రలు గోడ మందం పెరిగే వేగాన్ని తగ్గిస్తాయి. కానీ మందం తగ్గించడమే పనిగా ఏ మందూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అంకె తగ్గినంత మాత్రాన మనిషికి మేలు జరుగుతుందని తేలలేదు. గుండెపోటు, స్ట్రోకుల మీద చేసిన పెద్ద విశ్లేషణలో కూడా, మందం ఏడాదికేడాది ఎంత మారిందన్నది ముందు ఏం జరుగుతుందో చెప్పలేకపోయింది. ఒకసారి చూసిన మందం ఎంతో కొంత చెబుతుంది, మళ్ళీ మళ్ళీ చూస్తే కొత్తగా ఏమీ చెప్పదు.

తగ్గించాల్సింది బీపీ. ఇక్కడ మాత్రం గట్టి ఆధారం ఉంది. అమెరికాలో 50 దాటిన 9,300 మందికి పైగా బీపీ రోగుల్లో పై అంకెను 120 లోపు ఉంచినవాళ్ళను, 140 లోపు ఉంచినవాళ్ళను పోల్చారు. 2019లో వచ్చిన ఫలితాల్లో 120 గుంపులో స్వల్ప మతిమరుపు దశ దాదాపు ఐదో వంతు తక్కువ. డిమెన్షియా కూడా తక్కువే కనబడింది గానీ, ఖాయంగా చెప్పేంత తేడా రాలేదు. ఆ తర్వాత చైనా పల్లెల్లో ఇంకా పెద్దది చేశారు. 326 ఊళ్ళు, దాదాపు 34 వేల మంది. బీపీ చూసింది, మందులు సర్దింది పెద్ద డాక్టర్లు కాదు, ఊరి వైద్యులే. నాలుగేళ్ళలో డిమెన్షియా 15 శాతం తగ్గిందని 2025లో ప్రచురించారు.

మన వైపు పల్లెలకు నాకు బాగా నచ్చిన వార్త ఇది. మెదడు డాక్టరు కోసం విశాఖ రైలెక్కనక్కర్లేదు. ఊళ్ళో బీపీ మెషిన్, నెలనెలా ఆగకుండా మాత్రలు, అడిగే మనిషి ఒకరు ఉంటే చాలా పని జరిగిపోతుంది.

బీపీ ఉందంటారు గానీ నాన్నకు ఏ బాధా లేదు. మాత్రలు మానేస్తే ఏమవుతుంది?

ఏ బాధా లేకపోవడమే బీపీ లక్షణం. తల తిరిగితే బీపీ పెరిగినట్టు, తిరగకపోతే లేనట్టు అనుకోవడం మనకు అలవాటు. అది నిజం కాదు. మాత్ర వేసుకుంటే "నార్మల్ వచ్చేసింది, ఇంకెందుకు" అని మానేస్తారు. నార్మల్ వచ్చిందే మాత్ర వల్ల.

ఒడిశా సర్కారు ఆసుపత్రుల్లో నిరామయ పథకం కింద బీపీ, సుగర్ మందులు ఉచితంగా ఇస్తారు. ఒక నెల అక్కడ దొరకలేదని కోర్సు ఆపేయకండి. చీటీ మీదున్న జనరిక్ పేరు చూపించి జన ఔషధి దుకాణంలో అదే మందు తక్కువ ధరకు కొనుక్కోవచ్చు. ఇంకో మాట: బాగా పెద్దవాళ్ళకు, లేచి నిలబడితే తూలేవాళ్ళకు 120 లోపు లక్ష్యం అందరికీ సరిపడదు. పడి తుంటి విరిగితే మతి కన్నా ముందు మనిషే మంచాన పడతాడు. ఎంత ఉంచాలో డాక్టరు చెప్పాలి. కూర్చున్నప్పుడూ, నిలబడ్డాకా రెండుసార్లు బీపీ చూడమని మీరు అడగండి.

ఏది మామూలు మతిమరుపు, ఏది కాదు?

కళ్ళజోడు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం, వీధిలో ఎదురైన మనిషి పేరు నోటికి రాకపోవడం, కాసేపటికి గుర్తు రావడం మామూలు. ముప్పై ఏళ్ళుగా వెళ్తున్న సంత నుంచి ఇంటికి దారి తెలియకపోవడం మామూలు కాదు.

రక్తనాళాల వల్ల వచ్చే తగ్గుదల జ్ఞాపకంతో మొదలవ్వాలని లేదు. ఇంట్లో వాళ్ళు పట్టుకోలేకపోయేది ఇక్కడే. మనిషికి అన్నీ గుర్తుంటాయి, పని మాత్రం సాగదు. ఏటా వేసవిలో ఒంటి చేత్తో ఆవకాయ జాడీలు నింపిన ఆవిడ ఈసారి కారం ముందు కలపాలా నూనె ముందు పోయాలా అని ఆగిపోతుంది. చీటీల లెక్క నోటితో చెప్పే ఆయన రెండు వందల నోటుకు చిల్లర లెక్కపెట్టడానికి తడబడతాడు. ఒక మాటకు జవాబు చెప్పడానికి చాలాసేపు పడుతుంది. ఇష్టాలు పోతాయి. ఠాకురాణి యాత్రకు అందరికన్నా ముందు బయల్దేరే మనిషి "మీరెళ్ళి రండి" అని మూల కూర్చుంటాడు. దీన్ని "చాదస్తం", "మొండితనం", "కోడలి మీద కోపం" అని తీసిపారేస్తాం. నెమ్మదిగా ఒకే తీరున తగ్గకపోవచ్చు కూడా. ఆరు నెలలు అలాగే ఉండి, ఒక్క వారంలో దిగజారి, మళ్ళీ కొన్నాళ్ళు నిలకడగా ఉండొచ్చు.

గంజాం జిల్లా నుంచి సూరత్ మిల్లులకు, మన తెలుగు పిల్లలు హైదరాబాద్, విశాఖకు వెళ్ళిపోయాక చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇద్దరే ఉంటున్నారు. ఒకరి లోటును ఇంకొకరు కప్పేస్తారు. ఫోన్‌లో "బావున్నావా" అంటే "బావున్నా" అనే వస్తుంది. నిన్న ఏం వండారు, ఎవరొచ్చారు, పెన్షన్ తీసుకున్నారా అని అడగండి. అదే సంగతి మూడు రోజుల తర్వాత మళ్ళీ అడిగి చూడండి.

ఆసుపత్రిలో నాన్నకు మతి పరీక్ష ఒడియాలో చేశారు. మార్కులు తక్కువొచ్చాయి. నమ్మాలా?

వెంటనే నమ్మకండి. ఈ సరిహద్దులో ఉండే మనకు మాత్రమే ఉన్న చిక్కు ఇది.

డాక్టర్లు ఎక్కువగా వాడేవి 30 మార్కుల పరీక్షలు. ఎంఎంఎస్ఈ ఒకటి, మోకా ఒకటి. ఈ రోజు తారీఖు, కొన్ని మాటలు గుర్తుపెట్టుకుని మళ్ళీ చెప్పడం, వందలోంచి ఏడేడు చొప్పున తీసేయడం, బొమ్మ గీయడం లాంటివి ఉంటాయి. బజారులో బేరం ఆడేంత ఒడియా వచ్చిన మనిషికి, ఐదు మాటలు ఒడియాలో చెప్పి ఐదు నిమిషాల తర్వాత అడిగితే తడబడతాడు. అది మతి లోపం కాదు. అలాగే బడికి వెళ్ళని మామ్మగారికి ఇంగ్లీషు తారీఖు తెలియకపోయినా "మొన్న అమావాస్య వెళ్ళింది, రేపు చవితి" అని ఠక్కున చెబుతుంది. ఆమెకు రోజు తెలియదని రాయడం అన్యాయం. మోకాలో కూడా చదువు 12 ఏళ్ళు మించని వాళ్ళకు ఒక మార్కు కలిపే ఏర్పాటు ఉంది, కానీ అసలు బడి ముఖమే చూడని వాళ్ళకు ఆ ఒక్క మార్కు ఏ మూలకు? నిరక్షరాస్యుల కోసం చదువుతో పనిలేకుండా హర్యానా పల్లెల్లో తయారుచేసిన పరీక్ష కూడా ఉంది, దాన్ని హెచ్ఎంఎస్ఈ అంటారు.

ఏం చేయాలి? ఏ భాషలో బాగా మాట్లాడతారో ముందే చెప్పండి. తెలుగులో ఈ పరీక్షల రూపాలు ఉన్నాయి. విశాఖలోనో శ్రీకాకుళంలోనో తెలుగు డాక్టరు దగ్గర చేయించుకోవచ్చు. అక్కడికి వెళ్ళలేకపోతే దుబాసీగా వెళ్ళే ఇంటి మనిషికి ఒక జాగ్రత్త: మీరు జవాబు అందించకండి. "నాన్నా, మంగళవారం కదా!" అని పక్క నుంచి అనేస్తాం. అప్పుడు మార్కులు ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తాయి. కొడుకు కన్నా కోడలు లేదా పక్కింటి చదువుకున్న పిల్ల ఈ పని బాగా చేస్తారని నా అభిప్రాయం, కొడుకులకు తండ్రి తడబడటం చూడలేక నోరు ఊరుకోదు.

చెవులు కూడా చూపించండి. వినబడక జవాబు తప్పు చెప్పే పెద్దవాళ్ళు తక్కువేం కాదు. 2024లో అంతర్జాతీయ నిపుణుల కమిటీ ఒకటి లాన్సెట్ పత్రికలో డిమెన్షియాకు మార్చుకోగలిగిన 14 కారణాలు చెప్పింది. వినికిడి లోపం, అధిక చెడు కొలెస్ట్రాల్, బీపీ, సుగర్, పొగాకు, చూపు తగ్గడం, చదువు తక్కువ కావడం అందులో ఉన్నాయి. వీటిని సరిదిద్దితే దాదాపు 45 శాతం కేసులు ఆపడమో వాయిదా వేయడమో చేయొచ్చని లెక్క కట్టారు.

రెండు భాషలు మాట్లాడటం మెదడుకు మంచిదంటారు. నిజమేనా?

దీని మీద హైదరాబాద్ నిమ్స్‌లో చేసిన పని ప్రపంచమంతా చెప్పుకుంది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించింది. ఒకే భాష మాట్లాడేవాళ్ళకన్నా రెండు అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడికి వెళ్ళని వాళ్ళలోనూ తేడా కనబడింది, కాబట్టి అది చదువు మహిమ మాత్రమే కాదు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, కొండ మీద సవర వాళ్ళతో సవర, రైల్లో హిందీ మాట్లాడే మన పెద్దవాళ్ళకు ఇది సంతోషం కలిగించే మాటే. అయితే ఇది రక్షణ కవచం కాదు. నాలుగు భాషలొచ్చిన మనిషికి బీపీ 180 ఉంటే మెడ ధమనికి ఆ భాషలతో సంబంధం లేదు.

ప్రతి మతిమరుపూ రక్తనాళాల వల్లేనా?

కాదు. అల్జీమర్స్ వేరు, చాలామందిలో రెండూ కలిసి ఉంటాయి. అన్నిటికన్నా ముందు బాగుచేయగలిగిన కారణాలు వెతకాలి. బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, దిగులు, నిద్ర లేకపోవడం, సారా, కొన్ని మందులు. అలర్జీకి, నిద్రకు, మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే కొన్ని మాత్రలు పెద్దవాళ్ళ బుర్రను మబ్బు పట్టిస్తాయి. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు గుమ్మరించండి. ఆర్ఎంపీ ఇచ్చిన పేరు లేని పొట్లాలతో సహా.

కొన్ని వారాల కింద పడి తలకు దెబ్బ తగిలి, ఇప్పుడు మగతగా, తికమకగా ఉంటే సీటీ స్కాన్ ఆలస్యం చేయకండి. పుర్రెకూ మెదడుకూ మధ్య నెమ్మదిగా రక్తం చేరి ఉండొచ్చు. తీసేస్తే చాలామంది మళ్ళీ మామూలవుతారు.

ఇండియాలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని దేశవ్యాప్త అధ్యయనం ఆధారంగా 2023లో అంచనా వేశారు. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో, పట్నం కన్నా పల్లెల్లో ఎక్కువ.

నాకు 45. నాన్నకు పక్షవాతం వచ్చింది. నేనూ మెడ స్కాన్ చేయించుకోవాలా?

ఏ లక్షణాలూ లేకపోతే అక్కర్లేదు. అమెరికా గుండె వైద్య సంఘాలు 2013లోనే మామూలు వాడకానికి ఐఎంటీ కొలవమని సిఫారసు చేయడం మానేశాయి. లక్షణాలు లేనివాళ్ళకు మెడ ధమని సన్నబడిందేమోనని వెతకొద్దని అక్కడ ఏ పరీక్షలు చేయాలో సలహా ఇచ్చే నిపుణుల బృందం, ప్రివెంటివ్ టాస్క్‌ఫోర్స్, 2021లో మళ్ళీ చెప్పింది. అనవసర భయం, అనవసర ఆపరేషన్లు పెరుగుతాయని.

పండగ ఆఫర్ ప్యాకేజీల్లో "ఫుల్ బాడీ చెకప్"తో పాటు మెడ డాప్లర్ కలిపి అమ్ముతుంటారు. ఆ డబ్బు పెట్టి ఇంట్లోకి మంచి బీపీ మెషిన్ కొనుక్కోండి. బీపీ, సుగర్, లిపిడ్ (కొలెస్ట్రాల్) పరీక్ష, నడుము చుట్టుకొలత చూసుకోండి. మీ నాన్నగారికి పక్షవాతం వచ్చిందన్న సంగతికి ఈ నాలుగూ కలిస్తే మెడ స్కాన్ చెప్పేదాని కన్నా ఎక్కువే తెలుస్తుంది.

తిండిలో ఏం మానాలి? చద్దన్నం మంచిది కాదా?

చద్దన్నం తప్పేం చేయలేదు. ఒడియా వాళ్ళ పఖాళ అయినా, మన చద్ది అయినా అంతే. దాని పక్కన పెట్టుకునేదే అసలు సంగతి. అందులో వేసే ఉప్పు, పక్కన ఆవకాయ బద్ద, కాల్చిన ఎండుచేప, వేయించిన అప్పడం. బరంపురం అప్పడాలు, పచ్చళ్ళు ఊరికే పేరు తెచ్చుకోలేదు, ఉప్పు దండిగా ఉంటుంది. రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చెంచా, మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పచ్చడి, ఎండుచేప, అప్పడం మూడూ ఒకే పూట పడితే ఆ చెంచా అక్కడే చాలావరకు అయిపోతుంది. ఒక పూట ఒకటే పెట్టుకోమని చెప్పి చూడండి, పూర్తిగా మానమంటే పెద్దవాళ్ళు మానరు. దొంగతనంగా తింటారు.

చోడి అంబలి, ఆకుకూరలు, పప్పు, తాజా చేపలు, గుప్పెడు వేరుశనగలు మంచివి. సుగర్ ఉన్నవాళ్ళు అంబలి కూడా కొలత చూసుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ఉద్దానం వైపు బంధుత్వాలున్న కుటుంబాల వాళ్ళు, "తక్కువ సోడియం ఉప్పు" అని అమ్మేది డాక్టరును అడక్కుండా వాడొద్దు. అందులో పొటాషియం ఉంటుంది, అది కిడ్నీ బాగాలేని వాళ్ళకు ప్రమాదం.

మా ఇంట్లో సిగరెట్ ఎవరూ కాల్చరు. పొగాకు గురించి మాకెందుకు?

చుట్ట, ఖైనీ, గుట్కా, గుడాఖు ఉన్నాయా మరి? పొద్దున్నే పళ్ళకు గుడాఖు రుద్దుకునే ఆడవాళ్ళు అది పొగాకు అనుకోరు, పళ్ళపొడి అనుకుంటారు. పొగాకు, బెల్లం మడ్డి కలిపి చేసేదే అది. శ్రీకాకుళం, గంజాం తీరంలో ముసలమ్మలు నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం ఇంకా ఉంది. దానివల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని చాలామందికి తెలుసు. రక్తనాళాలనూ అదే పొగ తింటుంది. మెడ రిపోర్టు చేతిలో ఉన్న ఇంట్లో అన్నిటికన్నా ముందు ఆపాల్సింది ఈ పొగాకే.

ఆపరేషన్ అవసరమా?

మందానికి అవసరం లేదు. 70 నుంచి 99 శాతం వరకు సన్నబడి, ఆ వైపు వల్లే ఇటీవల స్ట్రోకో, వచ్చిపోయిన మినీ స్ట్రోకో కలిగి ఉంటే నాళం శుభ్రం చేసే ఆపరేషన్ స్ట్రోకును తగ్గిస్తుందని 1991 నుంచే తెలుసు. వీలైతే రెండు వారాల్లోపు చేయాలి. లక్షణాలు లేనివాళ్ళకు సంగతి వేరు, మందులతోనే నడిపించడం ఎక్కువ. మతిమరుపు బాగుపడుతుందన్న ఆశతో మాత్రం ఎవరూ ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. దానికి నమ్మదగ్గ ఆధారం లేదు. ఎవరైనా ఆ మాట చెప్పి తొందరపెడితే రెండో డాక్టరుకు చూపించండి.

మెడకు మాలిష్ చేయిస్తే రక్తం బాగా పారుతుందా?

పారదు. మెడ పక్కన గట్టిగా నొక్కితే కొందరికి గుండె వేగం పడిపోయి కళ్ళు తిరుగుతాయి. మంగలి షాపులో మెడను టక్కున విరిచే అలవాటు ఇంకా ప్రమాదం. ధమని లోపొర చిరిగి స్ట్రోకు వచ్చిన కేసులున్నాయి. ప్లాక్ ఉన్నవాళ్ళు అస్సలు చేయించుకోవద్దు.

ఎప్పుడు ఆగకుండా పరుగెత్తాలి?

మూతి ఒక పక్కకు లాగినా, చెయ్యి ఎత్తమంటే ఒకటి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒక కంటికి పరదా దించినట్టు చీకటి కమ్మినా 108కి ఫోన్ చేయండి. ఒడిశాలోనూ ఆంధ్రాలోనూ అదే నంబరు. చివరిసారి మామూలుగా ఉన్న సమయం గుర్తుపెట్టుకోండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఆ సమయం నుంచి నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, అది కూడా సీటీ స్కాన్ చూశాకే. కనుక సీటీ స్కాన్ ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో ఈ రోజే కనుక్కుని పెట్టుకోండి. పర్లాకిమిడి వాళ్ళకు అది రాష్ట్రం దాటి ఉన్నా పరవాలేదు, సరిహద్దు చూసుకునే సమయం కాదు. తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వకండి, గొంతులో అడ్డుపడుతుంది. నిమ్మరసం, పావురం రక్తం, ఆకు పసరు వద్దే వద్దు.

పది నిమిషాల్లో అన్నీ సర్దుకుంటే "గాలి తగిలింది, పోయింది" అని పడుకోబెట్టేస్తారు. అదే అసలు హెచ్చరిక. పెద్ద స్ట్రోకు ప్రమాదం మొదటి రెండు రోజుల్లోనే ఎక్కువ. అదే రోజు చూపించాలి, మెడ డాప్లర్‌కు నిజంగా పని పడేది కూడా అప్పుడే.

ఒడిశా కార్డా, ఆంధ్రా కార్డా? ఏ వైపు వెళ్ళాలి?

ఒడిశా వాళ్ళకు 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. 70 దాటినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంటుంది. ఆంధ్రా ఎన్టీఆర్ వైద్య సేవ అక్కడి కార్డుదారులకే. ఇవి ముఖ్యంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకు. ఓపీలో తీసే డాప్లర్‌కు చాలాసార్లు వర్తించవు, కౌంటర్‌లో ముందే అడగండి. బరంపురం ఎంకేసీజీ, కోరాపుట్ ఎస్ఎల్ఎన్, విశాఖ కేజీహెచ్ మూడూ సర్కారు బోధనాసుపత్రులే. తరచూ మారుస్తూ తిరగడం కన్నా ఒకచోట పట్టుగా చూపించుకుంటే పాత రిపోర్టులు, మందుల చరిత్ర ఒకే ఫైల్లో ఉంటాయి.

మతి తగ్గిన పెద్దావిడను ఇంట్లో ఎలా చూసుకోవాలి?

"ఇప్పుడే చెప్పాను కదమ్మా" అనే మాట మానేయండి. ఆవిడకు అది గుర్తు రాదు, మీరు కోప్పడ్డారన్నది మాత్రం గుర్తుంటుంది. ఒకేసారి ఒకే పని చెప్పండి. మందులు వారం డబ్బాలో సర్ది మీరే ఇవ్వండి, తనే వేసుకుంటానంటే ఎదురుగా కూర్చోండి. గ్యాస్ స్టౌ రెగ్యులేటరు రాత్రి ఆపేయండి. బయటకు వెళ్ళిపోయే అలవాటు ఉంటే చీర కొంగుకో జేబుకో ఫోన్ నంబరు రాసిన చీటీ కుట్టండి, తెలుగులోనూ ఒడియాలోనూ.

పని పూర్తిగా లాక్కోకండి. చింతపండు గింజలు తీయడం, మునగాకు దుయ్యడం, పూలు గుచ్చడం చేయనివ్వండి. నెమ్మదిగా అయినా సాయంత్రం వీధి చివరిదాకా నడిపించండి, పక్కింటి ఒడియా మావుసీతో మాట్లాడనివ్వండి.

చూసుకునే మనిషికి కూడా సాయం కావాలి. చాలా ఇళ్ళలో ఆ బరువంతా ఒక్క కోడలి మీదే పడుతోంది, మగపిల్లలు డబ్బు పంపి బాధ్యత తీరిందనుకుంటున్నారు. వారానికి రెండు పూటలైనా ఆమెకు వేరే మనిషి వచ్చి సాయం పట్టాలి. వృద్ధుల సహాయ నంబరు 14567, మనసు బాగోలేనప్పుడు టెలీ మానస్ 14416. టెలీ మానస్‌లో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు.